తల మీద పెద్ద గాయం, చెంప మీద చిన్న గాయం: ఒక కేసు వివరంగా

క్యాజువాలిటీలో, పీహెచ్‌సీల్లో, ఏరియా హాస్పిటల్స్‌లో రోజూ కుట్లు వేసే జూనియర్ డాక్టర్ల కోసం ఈ కేసు రాస్తున్నా. పేషెంట్ అనుమతి తీసుకున్నా, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చా, గాయం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశా. చెప్పాలనుకున్నది ఒకటే. మొహం మీద, తల మీద దెబ్బ తగిలినప్పుడు రక్తం ఎక్కడ ఎక్కువ కారుతుంటే మన కళ్ళూ చేతులూ అక్కడికే పోతాయి, కానీ పేషెంట్ జీవితాంతం మోయాల్సిన నష్టం చాలాసార్లు పెద్దగా రక్తం కారని చోట ఉంటుంది, ఆ చోట చర్మం కింద నుంచి ఏమేం వెళ్తున్నాయో తెలిస్తేనే అది దొరుకుతుంది.

పేషెంట్‌కి 34 ఏళ్ళు, అద్దాలు, అల్యూమినియం పార్టిషన్ల పని చేస్తాడు. గోడకి ఆనించి పెట్టిన అద్దం ఒకటి జారి ఆయన తల మీద పడి పగిలింది, అందులో ఒక ముక్క ఎడమ చెంప కోసుకుంటూ పోయింది. స్పృహ తప్పలేదు, వాంతులు లేవు. చొక్కా అంతా రక్తం అయిపోయేసరికి తోటి పనివాళ్ళు తువ్వాలు చుట్టి ఆటోలో దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళారు, అక్కడ తల మీద కుట్లు వేసి గట్టిగా కట్టు కట్టి, చెంపకి మత్తు సూది ఇచ్చి నాలుగు కుట్లు వేసి, టీటీ ఇచ్చి, స్కాన్ కోసం మా దగ్గరికి పంపారు. చీటీ మీద తల గాయం గురించి రాశారు, తలకి లోపల దెబ్బ ఉందేమో చూడమన్నారు, చెంప గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

మా దగ్గరికి వచ్చేసరికి దెబ్బ తగిలి అయిదు గంటలు దాటింది. బీపీ 104/70, పల్స్ 112, మనిషి పాలిపోయి ఉన్నాడు, అడిగినదానికి బాగానే సమాధానం చెప్తున్నాడు. ఒక్క తల చర్మం తెగితే పెద్దవాళ్ళు కూడా షాక్‌లోకి వెళ్ళేంత రక్తం పోవచ్చు, "తల మీద గాయమేగా" అని తేలిగ్గా తీసుకునే విషయం కాదు, కాబట్టి ముందు ఫ్లూయిడ్స్ పెట్టి, బ్లడ్ గ్రూప్‌కి, క్రాస్ మ్యాచ్‌కి శాంపిల్ పంపించాం.

తర్వాత మొహం చూశా. మొహం గాయం ఎవరికి ఉన్నా నేను గాయం కంటే ముందు మొహం కదలిక చూస్తా. నుదురు ముడతలు పెట్టమంటే నొప్పితోనైనా రెండు వైపులా పెట్టాడు. కళ్ళు గట్టిగా మూయమంటే రెండూ మూశాడు. "ఈ అంటూ పళ్ళు చూపించు బాబూ" అన్నా. కుడివైపు పెదవి లేచి పళ్ళు కనిపించాయి, ఎడమవైపు పై పెదవి ఉన్నచోటే ఉండిపోయింది, ముక్కు పక్కన ఉండే గీత కూడా అటువైపు చదునుగా ఉంది. కింది పెదవి మాత్రం రెండు వైపులా బాగానే దిగుతోంది. పక్కనే ఉన్న వాళ్ళావిడ "పొద్దుటి నుంచీ నోరు అలాగే ఉంది సార్, భయానికి అలా అయ్యాడేమో అనుకున్నాం" అంది.

అంటే ఫేషియల్ నర్వ్ మొత్తం కాదు, మొహం కండల్ని కదిలించే ఆ నరంలో పై పెదవి వైపు వెళ్ళే ఒక్క బక్కల్ బ్రాంచ్ పని చేయట్లేదు. ఇప్పుడు ప్రశ్న ఏంటంటే నరం తెగిందా, లేక చెంపలో ఇచ్చిన మత్తు వల్ల నిద్రపోయిందా? అందుకే లోకల్ (గాయం దగ్గర ఇచ్చే మత్తు సూది) ఇచ్చే ముందు మొహం కదిలించి చూసి రాసిపెట్టమని పదేపదే చెప్పేది, ఇచ్చాక చూస్తే ఈ రెండిటికీ తేడా తెలీదు. క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగితే అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ రెండు ఎంఎల్ ఇచ్చామన్నారు. అది గంట, మహా అయితే రెండు గంటలు పనిచేస్తుంది, అయిదు గంటల తర్వాత కూడా పెదవి లేవట్లేదంటే మత్తు కారణం కాదు. అయినా ఇంకో ఆధారం ఉంటే బాగుంటుందని చెంప మీద గాజుగుడ్డ తీసి చూశా, రక్తం మరకల కంటే తడి ఎక్కువగా ఉంది, నీళ్ళలాంటి తడి. "దారిలో ఏమైనా తిన్నాడామ్మా?" అంటే, "కొబ్బరినీళ్ళు తాగించాం సార్, తాగుతుంటే ఈ గుడ్డ తడిసింది, నోట్లోంచి కారిందేమో అనుకుని తుడిచా" అంది ఆవిడ. ఆ ఒక్క మాటతో నాకు సగం డయాగ్నసిస్ దొరికింది. నోరు కదిలినప్పుడు చెంప గాయంలోంచి నీళ్ళు వస్తున్నాయంటే అది లాలాజలం, దాన్ని గ్రంథి నుంచి నోట్లోకి తెచ్చే గొట్టం, పరోటిడ్ డక్ట్, కూడా తెగిందని అర్థం.

ఈ రెండూ కలిసి ఎందుకు తెగుతాయో చెప్పాలంటే చెంప లోపలికి వెళ్ళాలి. గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవి కింద వాచే గ్రంథి ఉంది కదా, అదే పరోటిడ్. దాని ముందు అంచు నుంచి డక్ట్ బయటికి వచ్చి, మనం నమిలేటప్పుడు గట్టిపడే మాసెటర్ కండ మీదుగా ముందుకి నడిచి, ఆ కండ ముందు అంచు దగ్గర లోపలికి మలుపు తిరిగి, బక్సినేటర్ కండని చీల్చుకుని, పై దవడ రెండో మోలార్ (వెనక నమిలే పన్ను) దగ్గర నోట్లోకి తెరుచుకుంటుంది. పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. బయట నుంచి గుర్తుపట్టడానికి చెవి ముందు ఉండే చిన్న బుడిపె, అదే ట్రేగస్, అక్కడి నుంచి పై పెదవి మధ్యకి ఒక గీత ఊహించుకోండి, ఆ గీతని మూడు భాగాలు చేస్తే మధ్య భాగం కిందే డక్ట్ ఉంటుంది. బక్కల్ బ్రాంచ్ ఈ డక్ట్‌ని ఆనుకునే, కొంచెం పైనో కిందో, కొన్నిసార్లు దాన్ని దాటుకుంటూ వెళ్తుంది. దాని పైన ట్రాన్స్‌వర్స్ ఫేషియల్ ఆర్టరీ. ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కాబట్టి ఆ గీత మధ్య భాగాన్ని కోసుకుంటూ పోయిన లోతు గాయం ఏదైనా సరే, చర్మం మీద ఎంత చిన్నగా కనిపించినా, మూడూ తెగాయనే అనుమానంతోనే మొదలుపెట్టాలి. మన పేషెంట్ గాయం నాలుగు సెంటీమీటర్లే, కానీ సరిగ్గా ఆ గీతకి అడ్డంగా ఉంది.

ఈ డక్ట్‌ని వర్ణించిన నీల్స్ స్టెన్సెన్‌కి అప్పటికి ఇరవై రెండేళ్ళే, డెన్మార్క్ నుంచి చదువుకోడానికి వెళ్ళి 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గొర్రె తలకాయ కోస్తూ చూశాడు. ఇప్పటికీ దాన్ని స్టెన్సెన్ డక్ట్ అనే అంటాం. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో వైవా కోసం బట్టీపట్టిన ఆ పేరు క్యాజువాలిటీ టేబుల్ దగ్గర గుర్తొస్తే పేషెంట్‌కి మేలు జరుగుతుంది.

ఇంకో సంగతి, లోతు. చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద ఎస్ఎంఏఎస్ అనే పొర, దాన్ని 1976లో మిట్జ్, పెయ్‌రోనీ వర్ణించారు, నవ్వు తెప్పించే కండలతో కలిసిపోయి ఉండే పల్చటి పొర అది. దాని కింద పరోటిడ్ మీద, మాసెటర్ మీద పరుచుకున్న ఫేషియా అనే పీచు పొర, ఆ ఫేషియా కింద ఫేషియల్ నర్వ్ బ్రాంచ్‌లు. చెంప పక్కభాగంలో నరాలు ఇలా లోతుగా ఉంటాయి, ముందుకి పోయేకొద్దీ పైకి వస్తాయి. కాబట్టి గాయంలో కొవ్వు మాత్రమే కనిపిస్తే భయం తక్కువ, తెల్లటి మెరిసే ఫేషియా తెగి కింద ఎర్రటి మాసెటర్ కనిపిస్తే మాత్రం నరం చూసేదాకా వదలకూడదు. కంటి బయటి మూల నుంచి కిందకి నిలువుగా ఒక గీత గీస్తే, దానికి ముక్కు వైపు తెగిన బ్రాంచ్‌లు మరీ సన్నవి, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి, వాటిని సాధారణంగా కలపక్కర్లేదు, చాలావరకు వాటంతటవే కోలుకుంటాయి. ఆ గీతకి చెవి వైపు తెగితే వెతికి కలపాల్సిందే. మనది చెవి వైపు.

సీటీ వచ్చింది, ఎముక విరగలేదు, మెదడు దగ్గర రక్తం లేదు, తల చర్మం లోపల ఉండే గేలియా అనే గట్టి పొర కింద మాత్రం రక్తం పేరుకుని ఉంది. కొబ్బరినీళ్ళు తాగాడు కాబట్టి కొంత టైమ్ ఆగి ఆ సాయంత్రమే రెండు గాయాలూ ఓటీలో విప్పాలని నిర్ణయించాం.

ఇప్పుడు తల సంగతి. తల చర్మంలో అయిదు పొరలు: చర్మం, దాని కింద దట్టమైన పీచు పొర, తర్వాత గేలియా, దాని కింద వదులు పొర, ఆఖరికి ఎముకని అంటుకున్న పెరీక్రేనియం. రక్తనాళాలు ముఖ్యంగా రెండో పొరలో ఉంటాయి, పరుపులో పత్తి కదలకుండా దారంతో కుట్టినట్టు చర్మాన్ని గేలియాకి పట్టి ఉంచే పీచులు వాటి గోడల్ని కూడా పట్టుకుని ఉంటాయి. చేతి మీద రక్తనాళం తెగితే అది ముడుచుకుని లోపలికి జారుకుంటుంది, ఇక్కడ ఆ పీచులు ముడుచుకోనివ్వవు, నోరు తెరుచుకునే ఉంటుంది. పైగా ఒక్కో వైపు అయిదు ధమనులు, నుదుటి వైపు రెండు ఇంటర్నల్ కెరోటిడ్ నుంచి, పక్కన ఒకటి, చెవి వెనక ఒకటి, మెడ వెనక ఒకటి ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ నుంచి వచ్చి అన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, ఒక వైపు ఆపితే ఇంకో వైపు నుంచి వస్తుంది. ఈ రక్తప్రసరణ వల్లే మిషన్ బెల్ట్‌లో జుట్టు చిక్కుకుని తల చర్మం మొత్తం ఊడొచ్చినా ఒకటి రెండు ధమనులు, సిరలు కలిపితే చాలాసార్లు మొత్తం బతుకుతుంది. మైక్రోస్కోప్ కింద రక్తనాళాలు కలిపి ఊడిన స్కాల్ప్‌ని తిరిగి అతికించామని మొదటిసారి రాసింది కూడా 1976లోనే, మిల్లర్, ఆయన సహచరులు. మన దగ్గర నూర్పిడి మిషన్ల దగ్గర, పిండిమరల దగ్గర ఆడవాళ్ళకి ఇది జరుగుతూనే ఉంది, ఊడిన చర్మాన్ని ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి ఆ కవర్‌ని ఐసులో పెట్టి తెమ్మని ఎంతమందికి చెప్పినా తక్కువే, ఐసు నేరుగా తగలకూడదు.

మళ్ళీ కేసుకి వస్తా. గాయం జుట్టు మొదలయ్యే చోటికి నాలుగు వేళ్ళు వెనక, ఒక చెవి వైపు నుంచి ఇంకో చెవి వైపుకి అడ్డంగా 11 సెంటీమీటర్లు. గేలియాని ముందు నుంచి ఫ్రంటాలిస్, వెనక నుంచి ఆక్సిపిటాలిస్ కండలు లాగుతుంటాయి, అందుకని అది అడ్డంగా తెగితే గాయం నోరు తెరుచుకుంటుంది, గేలియా తెగని గాయం అంతగా తెరుచుకోదు. కుట్లు విప్పితే అనుకున్నట్టే చర్మం మాత్రమే దగ్గరికి వచ్చి ఉంది, గేలియా రెండు అంచులూ దూరంగా జరిగిపోయి మధ్యలో గడ్డకట్టిన రక్తం. అది తీసి కడిగితే ఎడమ చివర సూపర్‌ఫిషియల్ టెంపొరల్ ఆర్టరీ బ్రాంచ్ ఒకటి ఇంకా చిమ్ముతోంది, కట్టేశాం. వేలు పెట్టి ఎముకంతా తడిమి చూశాం, పెరీక్రేనియం చిరిగిన అంచు వేలికి ఎముక విరిగినట్టే తగులుతుంది, పుర్రె ఎముకల అతుకు కూడా అలాగే అనిపిస్తుంది, సీటీ చేతిలో ఉంది కాబట్టి అనుమానం లేదు. చిన్న గాజు ముక్కలు రెండు దొరికాయి. గేలియాని 2-0 విక్రిల్‌తో విడివిడి కుట్లు, చర్మం 3-0 నైలాన్, కింద ఒక సక్షన్ డ్రెయిన్. గేలియా కుట్టడం వల్ల చర్మం మీద లాగుడు తగ్గుతుంది, రక్తం ఆగుతుంది, దానికంటే ముఖ్యంగా కింద ఉన్న వదులు పొర మూసుకుంటుంది. ఆ పొరలో ఇన్‌ఫెక్షన్ వస్తే తలంతా పాకుతుంది, అక్కడి ఎమిసరీ సిరలకి వాల్వ్‌లు లేవు, ఎముకలోంచి నేరుగా మెదడు పొరల్లోని సైనస్‌ల (రక్తం మోసే పెద్ద సిరల) దాకా దారి ఉంది.

చెంప దగ్గర అసలు పని మొదలైంది. మత్తు డాక్టర్‌కి ముందే చెప్పి పెట్టుకున్నాం, ఇక్కడి నుంచి కండలు సడలించే మందు మళ్ళీ ఇవ్వొద్దని, ఇస్తే నర్వ్ స్టిమ్యులేటర్‌కి, అంటే నరానికి చిన్న కరెంటు ఇచ్చి చూసే పరికరానికి, కండ స్పందించదు. గాయంలో లోకల్ కూడా వేయలేదు. నాలుగు కుట్లు తీసి కడిగి, మాగ్నిఫికేషన్ పెట్టుకుని చూస్తే మాసెటర్ కండ బయటపడి ఉంది. నోట్లో పై రెండో మోలార్‌కి ఎదురుగా ఉన్న చిన్న బుడిపెలోంచి సన్నటి కాన్యులా (గొట్టం) ఎక్కిస్తే దాని కొన నేరుగా గాయంలోకి వచ్చేసింది, డక్ట్ తెగిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. గ్రంథి వైపు కొన దొరకడానికి చెవి కింద నెమ్మదిగా నొక్కితే ఒక చోట నుంచి స్వచ్ఛమైన చుక్క ఊరింది, అదే డక్ట్ రెండో కొన. కొంతమంది నీలం రంగు మందు ఎక్కిస్తారు, నాకు ఇష్టం ఉండదు, అది బయటికి చిమ్మితే చుట్టూ అంతా నీలం అయిపోయి నరం వెతకడం కష్టమవుతుంది.

డక్ట్ దొరికాక దాని పక్కనే నరం ముందు కొన వెతికాం. స్టిమ్యులేటర్ మొన ఒక సన్నటి తెల్ల పోగుకి ఆనించగానే ఎడమ పై పెదవి చటుక్కున లేచింది. తెగిన నరం ముందు భాగం సుమారు 72 గంటలదాకా ఇలా స్పందిస్తుంది, ఆ తర్వాత స్పందన పోతుంది, అప్పుడు ఉబ్బిన కణజాలంలో అదే తెల్ల పోగుని కళ్ళతో వెతుక్కోవాలి. అందుకే ఇలాంటి గాయానికి మూడు రోజుల్లోపు విప్పి చూడాలని మేం అంతగా పట్టుబడతాం. వెనక కొన డక్ట్‌కి కొంచెం పైన దొరికింది. మైక్రోస్కోప్ కింద నరానికి 10-0 నైలాన్‌తో మూడు కుట్లు, డక్ట్‌ని లోపల కాన్యులా అలాగే ఉంచి 8-0తో. తర్వాత ఫేషియా, ఎస్ఎంఏఎస్ పొరలు, చర్మం 6-0తో. కాన్యులాని నోట్లో బుగ్గకి ఒక కుట్టుతో కట్టి ఉంచాం.

రెండో రోజు పొద్దున్న వార్డులో గోల. రెండు కళ్ళూ నల్లగా ఉబ్బి మూసుకుపోయాయి. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని "అయ్యా, కళ్ళకేం దెబ్బ తగల్లేదన్నారు, ఇప్పుడు కళ్ళు పోతాయా" అని ఏడుపు. ఇది కూడా అనాటమీయే. గేలియా వెనక వైపు ఎముకకి అతుక్కుని ఉంటుంది, పక్కల చెంప ఎముక వంతెన దాకా దిగి ఆగుతుంది, ముందు మాత్రం ఫ్రంటాలిస్ కండకి ఎముక మీద పట్టు లేదు, కనుబొమ్మల చర్మంలో కలిసిపోతుంది. కాబట్టి గేలియా కింద మిగిలిన రక్తం వెనక్కి, పక్కలకి పోలేక ముందుకి జారి కనురెప్పల్లో చేరుతుంది. డ్రెయిన్ పెట్టినా కొంత జారుతుంది. ఆవిడకి నా నుదుటి మీదే వేలితో చూపించి, "తల్లోంచి జారిన రక్తమమ్మా, కంట్లో ఏం లేదు, వారం పది రోజుల్లో పచ్చబడి పోతుంది" అని చెప్పా, రెప్పలు వేళ్ళతో విప్పి కొడుకు చేత ఆవిడ వేళ్ళు లెక్కపెట్టించాకే నమ్మింది.

అయితే జూనియర్లు ఇక్కడ జాగ్రత్త. ప్రతి నల్లకన్నూ తల్లోంచి జారిన రక్తమే అనుకోకండి, పుర్రె అడుగు ఎముక విరిగినా ఇలాగే ఉంటుంది. రెప్ప ఎత్తి తెల్లగుడ్డు చూడండి, అక్కడ రక్తపు మరక ఉండి దాని వెనక అంచు కనపడకుండా లోపలికి పోతుంటే ఎముక గురించి ఆలోచించాలి. ముక్కులోంచి నీళ్ళలా కారుతోందా, చెవి వెనక నల్లబడిందా, చూపు, కంటిపాప, కన్ను అన్ని వైపులా కదలడం, ఇవన్నీ చూసి రాయాలి. మన పేషెంట్‌కి తెల్లగుడ్డు శుభ్రంగా ఉంది, సీటీ మళ్ళీ ఒకసారి చూసుకున్నాం.

తిండి దగ్గర కొంచెం పేచీ వచ్చింది. పులుపు నోట్లో పడగానే లాలాజలం ఊరుతుంది, కొత్తగా కలిపిన డక్ట్‌కి అది మంచిది కాదు, అందుకని మెత్తటి అన్నం, పప్పు, పాలు చెప్పి చింతపండు, నిమ్మకాయ, ఊరగాయ ఆపమన్నాం. "పచ్చడి లేకపోతే వాడికి ముద్ద దిగదు సార్" అంది వాళ్ళమ్మ. రెండు వారాలేనమ్మా అని ఒప్పించాం. చెంప మీద మెత్తటి వాపు, తినేటప్పుడు పెరిగేది, వస్తే వెంటనే రమ్మన్నాం, అది లాలాజలం లోపల చేరడం, సూదితో తీసి, లాలాజలంలో ఉండే ఎమైలేజ్ కోసం పరీక్ష చేస్తే తేలిపోతుంది. రాలేదు. మొహం కుట్లు అయిదో రోజు, తల కుట్లు పదో రోజు, కాన్యులా రెండు వారాలకి తీశాం. తీశాక పరోటిడ్ నొక్కితే నోట్లోకి స్వచ్ఛంగా వచ్చింది.

నరం కథ నెమ్మది. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటర్ పెరుగుతుంది, మొదట్లో కొన్నాళ్ళు కదలకుండా కూర్చుంటుంది కూడా. మూడు నెలలదాకా ఏమీ కనపడలేదు, అద్దం ముందు ఎక్సర్‌సైజులు చేసి చేసి ఆయనకి విసుగొచ్చింది. నాలుగో నెల్లో పై పెదవి మూల కొంచెం లేచింది, ఎనిమిదో నెలకి మామూలుగా మాట్లాడేటప్పుడు తేడా తెలీట్లేదు, పగలబడి నవ్వితే ఎడమవైపు కొంచెం తక్కువ లేస్తుంది. ఇంత బాగా రావడానికి ఒక కారణం బక్కల్, జైగోమాటిక్ బ్రాంచ్‌ల మధ్య లింకులు ఎక్కువ ఉండటం. కణత మీదుగా కనుబొమ్మకి వెళ్ళే టెంపొరల్ బ్రాంచ్, దవడ అంచున నడిచే మార్జినల్ మాండిబ్యులర్ బ్రాంచ్ తెగితే ఇంత అదృష్టం ఉండదు, వాటికి తోడు బ్రాంచ్‌లు తక్కువ. టెంపొరల్ బ్రాంచ్ దారి ట్రేగస్‌కి అర సెంటీమీటర్ కింద నుంచి కనుబొమ్మ బయటి కొసకి ఒకటిన్నర సెంటీమీటర్ పైకి గీసిన గీత, చెంప ఎముక వంతెన దాటే చోట చాలా పైపైనే ఉంటుంది, అక్కడ తెగిన గాయాన్ని కూడా ఇంతే అనుమానంగా చూడాలి.

ఇక ఆయన ఎక్కువగా చెప్పుకున్న బాధ పెదవి గురించి కాదు, తల గురించి. "దువ్వెన పెడితే నడినెత్తి మీద నాది కానట్టు ఉంది సార్" అనేవాడు. నుదుటి నుంచి సుప్రాఆర్బిటల్ నరం లోతు బ్రాంచ్ వెనక్కి నడినెత్తి దాకా వెళ్తుంది, అడ్డంగా తెగిన గాయం దాన్ని కోసేసింది, అందుకని గాయానికి వెనక ఉన్న చోటే మొద్దుబారింది, ముందు భాగం బాగానే ఉంది. ఇది ముందే చెప్పి ఉంచితే పేషెంట్ కంగారు పడడు. ఆరో నెల నుంచి అక్కడ జిల, చీమలు పాకినట్టు ఉండటం మొదలైంది, స్పర్శ వస్తోందని చెప్పా, మొద్దుబారిన చోటు ఇప్పుడు రెండు వేళ్ళ వెడల్పుకి తగ్గింది.

మీ దగ్గర మైక్రోస్కోప్ లేకపోవచ్చు, తప్పేం లేదు, ఈ పని అక్కడ చేయమని ఎవరూ అడగరు. తల గాయానికి గేలియాతో సహా కుట్టండి, అంత టైమ్ లేకపోతే అంచుల మీద గట్టిగా నొక్కి కట్టు కట్టి పంపండి. చెంప గాయంలో రక్తం చిమ్ముతుంటే వేలితో నొక్కి పట్టుకోండి, కనపడని గాయంలోకి ఆర్టరీ ఫోర్సెప్స్ దించకండి, ట్రాన్స్‌వర్స్ ఫేషియల్ ఆర్టరీ పక్కనే నరం ఉంది, ఫోర్సెప్స్ పడితే అది కూడా నలుగుతుంది. కడిగి, తడి గాజుగుడ్డ పెట్టి పంపేయండి, కుట్లు మేం వేసుకుంటాం. చీటీ మీద మాత్రం నుదురు, కన్ను, పై పెదవి, కింది పెదవి, ఈ నాలుగూ కదులుతున్నాయో లేదో, లోకల్ ఇచ్చి ఉంటే ఎంత, ఎప్పుడు, అడ్రినలిన్ ఉందా లేదా, దెబ్బ తగిలిన టైమ్ ఎంతో రాయండి, మా 72 గంటల లెక్క ఆ టైమ్ నుంచే మొదలవుతుంది.